నా వేలికి సరిపోయిన వడిసెల

నాకు వచ్చిన అల్లిక మూడు పాయల జడ ఒక్కటే. కోవిడ్ ఏడాది మా ఆవిడ రెండో కాన్పయి చంటివాడితో సతమతమవుతుంటే పెద్దదాని తల నా వాటాకి వచ్చింది. అప్పుడు నేర్చుకున్నాను. ఆన్‌లైన్ క్లాసు మొదలవగానే మా అమ్మాయి కెమెరా ఆపేసేది. నెట్ బాగాలేదని టీచరుకి చెప్పేది. నిజానికి బాగాలేనిది జడ. అలాంటి నన్ను మా కంపెనీలో ఇప్పటికీ అల్లికల్లో ఆరితేరినవాడిగా చూస్తారు. నేను బాగా అల్లింది ఒక్కటే, దానికి దారం అక్కర్లేకపోయింది.

గల్ఫ్‌లో, ముసఫ్ఫా అనే పారిశ్రామికవాడలో మాదొక షెడ్డు. మ్యూజియాలకీ ఎగ్జిబిషన్లకీ అద్దాల పెట్టెలు, స్టాండ్లు చేస్తారు. అప్పుడు నేను అక్కడ డాక్యుమెంట్ కంట్రోలర్ని. డాక్యుమెంట్లు తప్ప ఇంకేవీ నా కంట్రోల్లో ఉండేవి కావు, అవి కూడా అప్పుడప్పుడే ఉండేవి. ఆ కోవిడ్ ఏడాదే, 2021లో, ఒక మ్యూజియం పని వచ్చింది. ఆండీస్ కొండల పాతకాలపు నేతలకి పెట్టెలు చేయాలి. వచ్చిన ఫైళ్లలో ఒకదాని మీద 'స్లింగులు, ఆరు' అని ఉంది.

గల్ఫ్‌లో సైటు మొహం చూసిన ఎవడికైనా స్లింగంటే ఒకటే అర్థం: క్రేన్ కొక్కేనికి తగిలించి బరువులెత్తే బెల్టు. దానికి తనిఖీ సర్టిఫికెట్ లేకపోతే సేఫ్టీవాళ్లు ప్రాణం తీస్తారు. నేను శ్రద్ధగా మ్యూజియానికి ఉత్తరం రాశాను. తమరి ఆరు స్లింగులకీ లోడ్ టెస్ట్ సర్టిఫికెట్లు జతచేయలేదు, వెంటనే పంపగలరు అని. అవి కొన్ని వందల ఏళ్ల కిందట లామాల ఉన్నితో చేతులతో అల్లినవని చాలా మర్యాదగా జవాబు వచ్చింది. ఇక్కడ లామా అంటే ఒంటెలాంటి కొండ జంతువనీ, టిబెట్ సన్యాసి కాదనీ నాకు తెలుసు. తెలిసినా ఒక్క క్షణం ఆగాను.

ఆ జవాబు వచ్చేలోపే నా ఫైలు బెల్టులు దాచే స్టోరుకి వెళ్లిపోయింది. అక్కణ్ణుంచి ఒక హెల్పర్, అందులోని ఫొటో పట్టుకుని నా బల్ల దగ్గరకి వచ్చాడు. యాభై దాటిన మనిషి. జగిత్యాల దగ్గరి పల్లె, గొర్రెల మందలున్న ఇంట్లో పుట్టాడు. ఈ దేశం వచ్చి ఇరవై రెండేళ్లయింది, ఇరవై రెండేళ్లూ వీసా మీద హెల్పరే. బనియాస్‌లో వాళ్లుండే గదుల్లో అందరూ ఆయన్ని కాక అంటారు. మా గుడివాడ వైపు బాబాయిలే తప్ప కాకలుండరు. అయినా నేనూ కాకా అనే పిలిచాను.

"ఏంది సారూ, గిది క్రేన్ బెల్టని రాసిన్రు?"

"కాదా?"

"ఒడిసెల సారూ. జొన్న చేన్ల పిట్టల గొట్టేది. మా నాయిన మందమీదికొచ్చిన తోడేలును గూడ కొట్టిండు. మీరు సూడలేదా ఎన్నడు?"

"సినిమాలో చూశాను."

"మీ దిక్కు పిట్టలు గూడ సినిమాలల్లనే ఉంటయా?"

ఇద్దరం ఫొటో మీదకి వంగాం. పొడుగాటి తాళ్లు రెండు, నడుమ రాయి పెట్టే ఒడి. ఒక తాడు చివర వేలు దూర్చే ఉచ్చు. రెండోదాని చివర బొటనవేలితో నొక్కిపట్టి, తిప్పి తిప్పి వదిలేసే కుచ్చు. కాక వాళ్ల ఊళ్లో దీన్ని నారతోనో ఉన్నితోనో గబగబా పేనేసుకుంటారట. ఆండీస్ వాళ్లు దాని మీద పట్టుచీర అంచుకి పెట్టేంత పని పెట్టారు. రాయిని గట్టిగా పట్టుకోవడానికి ఒడి నడుమ నిలువునా చీలిక వదిలి నేశారు. ఆ చీలికకి అటూ ఇటూ ఎరుపు, పసుపు, నలుపు రంగుల్లో మెట్లు మెట్లుగా ముగ్గు గళ్లు. తాళ్లేమో పదహారు పాయలతో గుండ్రంగా అల్లినవి, చుట్టూ పాము ఒంటి మీద లాంటి మచ్చలు. వీటిలో కొన్నిటిని రాయి విసరడానికి వాడనేలేదనీ, పండగల్లో పట్టుకుని ఆడేవారనీ, చనిపోయినవాళ్ల పక్కన పెట్టేవారనీ ఫైల్లో రాసి ఉంది.

"పిట్టని కొట్టేదానికి ఇంత సోకెందుకు కాకా?"

"గొర్లెంట వోయినోనికి పొద్దు వోవద్దా సారూ?"

మ్యూజియానికి ఇంకో కోరిక కూడా ఉంది. అసలువి అద్దాల వెనక ఉంటాయి కాబట్టి, వచ్చినవాళ్లు చేత్తో పట్టుకుని చూడటానికి అలాంటిదే కొత్తది ఒకటి కావాలి. ఎవరు చేస్తారో తెలియక మావాళ్లు ప్లాస్టిక్‌తో అచ్చు పోయించాలని చూస్తున్నారు. కాక పెట్టెలు కట్టే తెల్ల పురికొసతో మర్నాటికి మూరెడు అల్లి తెచ్చాడు. ఎనిమిది పాయలు. వేలితో నొక్కితే తాడు పిడికిట్లో బతికున్నట్టు తిరగబడింది. నేను దాన్ని ఫొటో తీసి పంపాను. లీమా నగరంలో ఉన్న మ్యూజియం మేడమ్‌కి నచ్చింది. విమానాలు సరిగా తిరగని రోజులు కావటంతో తను రాలేనని చెప్పి, కొరియర్లో రంగుల ఉన్ని పంపింది.

ఆ రోజుల్లోనే షెడ్డులో జాబితా అనే మాట తిరుగుతోంది. ఉండేవాళ్ల జాబితా, పంపేసేవాళ్ల జాబితా. విసరడానికి అనువుగా ఉంటుందనే వీసాకి ఆ పేరు పెట్టారేమోనని నేను టీ దగ్గర జోకులేసేవాణ్ణి. కాక నవ్వలేదు. అల్లిక మొదలుపెట్టే ముందు ఒక సాయంత్రం, డ్యూటీ అయ్యాక నన్ను పక్కకి పిలిచాడు.

"సారూ, ఊళ్లె ఇల్లు లెంటల్ దాక లేసింది. స్లాబు వడాలె. ఇంక రెండేండ్లుంటె సాలు. నా వీసా వచ్చే నెల ఖలాస్. గీ ఒడిసెల నేనే అల్లుతున్నని ముదీర్‌కు ఒక్క మాట చెప్పుండ్రి. హెల్పర్ గాదు, పని వచ్చినోడు అని. నాకు ఇంగ్లీష్ రాకపాయె."

"మేనేజరుకి తప్పకుండా చెప్తాను కాకా."

"ఒట్టా?"

"ఒట్టు."

ఆయన జేబులోంచి దారం ముక్క తీసి నా కుడిచేతి నడిమి వేలి చుట్టూ చుట్టి, గోటితో గుర్తు పెట్టాడు. దిష్టి దారం కడుతున్నాడేమో అనుకున్నాను.

"ఒడిసెల ఏలు కాడ్నుంచి షురువైతది సారూ. ఎవల కోసం అల్లితే వాళ్ల ఏలు కొలువాలె. వదులైతె తిప్పంగనే ఎగిరివోతది, బిర్రైతె ఏలు తెగుతది."

"నా వేలెందుకు? ఇది మ్యూజియానికి కదా."

"మ్యూజియానికి ఏలుంటదా? అడిగింది మీరు."

వారానికి రెండుసార్లు మేడమ్‌తో వీడియో కాల్. మాకు సాయంత్రం ఆరు, ఆమెకి పొద్దున తొమ్మిది. ఆమెకి కావలసింది అల్లిక కాబట్టి కెమెరాని స్టాండుకి బిగించి బల్ల మీదకి వంచాను. కాక కూర్చుని అల్లేవాడు. నేను వెనక నిలబడి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఇంగ్లీషులో మాట్లాడేవాణ్ణి. ఆయన చెప్పింది ఆమెకీ, ఆమె చెప్పింది ఆయనకీ. మాస్కులు, దూరం, ఒక్క లాప్‌టాప్. తెర మీద కనబడేది రెండు చేతులు, వినబడేది ఒక గొంతు. ఆ రెండూ ఒకే మనిషివి కావని ఆమెకి చెప్పాలన్న ఆలోచన మొదటి రోజు నాకు రాలేదు. రెండో రోజు వచ్చింది. అప్పటికి పరిచయాలు చేసుకునే సమయం దాటిపోయిందనిపించింది.

ఎర్ర మచ్చ దగ్గర పని ఆగింది. తాడు మీద ఎరుపు జానెడు దూరం కనబడి మాయమవుతుంది, తర్వాత మళ్లీ తేలుతుంది. మధ్యలో తెంపి ముడేసినట్టు ఎక్కడా లేదు. కాక రెండు రోజులు ఫొటోని అటూ ఇటూ తిప్పి చూశాడు. మూడో రోజు మేడమ్ తన దగ్గరున్న తెగిపోయిన పాత ముక్కని కెమెరాకి దగ్గరగా పెట్టింది. తెగిన చోట, అల్లిక నడిబొడ్డులో ఎర్ర దారాలు కట్టగా ఉన్నాయి.

"ఔ సారూ," అన్నాడు కాక, "ఎరుపు యాడికి వోలే. లోపల్నే పండుకున్నది. పని వడ్డప్పుడు లేస్తది, లేనప్పుడు లోపలుండి తాడును దొడ్డుగ జేస్తది."

నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చాను. మేడమ్ ఆ పాత ముక్కని జాగ్రత్తగా కింద పెట్టింది. తర్వాత అంది, "నేనిది నేర్చుకోవడానికి ఏళ్లు పట్టింది. మీరు మాట్లాడుతూ కూడా ఒక్క పాయ తప్పడం లేదు. మీ చేతులు చాలా గొప్పవి."

నేను "థాంక్యూ" అన్నాను.

అనువాదకుడిగా అన్నానని నాకు నేను చెప్పుకున్నాను. కాక చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలాయి.

వడిసెల పూర్తయిన వారానికి ముదీర్ పిలిచాడు. బల్ల మీద వడిసెల ఉంది, పక్కన రెండు కాగితాలు. ఎదటివాళ్ల బల్ల మీది కాగితాన్ని తలకిందులుగా చదవడం నా ఉద్యోగం నాకు నేర్పిన ఏకైక విద్య. ఒకటి ఉండేవాళ్ల జాబితా, ఒకటి పోయేవాళ్లది. పోయేవాళ్లలో కాక పేరు ఉంది. దానికి నాలుగు వరసలపైన నా పేరు ఉంది.

మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మా అద్దె ఇల్లు, అందులో మూడు నెలల చంటివాడు, వాడి పాస్‌పోర్టు మీద నా వీసా ఆధారంగా పడాల్సిన వీసా. ఇవన్నీ ఆ ఒక్క వరసలో నాకు కనబడ్డాయి. ఇది సాకు కాదు. సాకే, కానీ నిజమైనది.

"లీమా మేడమ్ ఈమెయిల్ పెట్టింది," అన్నాడు ముదీర్ హిందీ, ఇంగ్లీషు కలిపి. "వీడియోలో తనతో మాట్లాడే మనిషిని వదులుకోవద్దంటోంది. బట్టల స్టాండ్లు చేసే పనిలో నాకు ఒక్కడికి చోటుంది. అల్లేది నువ్వని చెప్పనేలేదే?"

నేను నోరు తెరిచేలోపు ఆయన ఉచ్చు తీసుకుని తన వేలికి దూర్చి చూశాడు. కణుపు దగ్గర ఆగిపోయింది. "హాత్ లావ్" అని నా చెయ్యి లాక్కుని నడిమి వేలికి తొడిగాడు. అది ఎక్కడా పట్టకుండా, ఎక్కడా వదులు లేకుండా, కుట్టించినట్టు కూర్చుంది.

"మాషాల్లా," అని నవ్వాడు. "ఇంకా ఎవరిదని అడగాలా?"

ఒట్టు వేసిన మాట గొంతులోనే ఉంది. అది బయటకొచ్చేసరికి ఇలా తయారైంది: "స్టోరులో కాక కూడా హెల్ప్ చేశాడు సార్."

"హెల్పర్ కదా, హెల్ప్ చేయక ఏం చేస్తాడు?" అన్నాడు ముదీర్. పెన్ను తీసి రెండో కాగితంలో నా పేరు కొట్టేశాడు. "యల్లా, వెళ్లి పని చూసుకో."

అబద్ధం చెప్పలేదు కదా అని తలుపు దాకా అనుకున్నాను. 'కూడా' అన్న రెండక్షరాలతో ఒక మనిషి కూడు తీసేయొచ్చని అప్పటిదాకా తెలియదు. మాటలతో ఆడుకోవడం నాకు అలవాటే గానీ, ఆ రోజు ఆడుకున్నది ఇంకొకళ్ల స్లాబుతో.

కాక బయట ఫోర్క్‌లిఫ్ట్ పక్కన నిలబడి ఉన్నాడు.

"మాట్లాడిన్రా సారూ?"

"మాట్లాడాను కాకా."

"ఏమన్నడు?"

"చూస్తానన్నాడు."

"సూస్తె సాలు," అన్నాడు.

నెల తిరక్కుండా ఆయన టికెట్ వచ్చింది. ఈలోగా నేను ముదీర్ గదికి మూడుసార్లు వెళ్లాను. ఒకసారి ఆయన ఫోన్లో ఉన్నాడు. ఒకసారి ప్రార్థనకి వెళ్లాడు. మూడోసారి ఖాళీగా ఉన్నాడు, ఏం కావాలన్నాడు, స్టాప్లర్ కావాలన్నాను. ఆ స్టాప్లర్ ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది.

ప్రయాణం రోజు మధ్యాహ్నం బనియాస్ వెళ్లాను. చేతిలో ఒక సంచీ, ఏముందో గుర్తులేదు, అపరాధభావం పట్టేంత పెద్దది మాత్రం కాదు. గదిలో ఎనిమిది మంచాలు. కాక అట్టపెట్టెకి తాడు కడుతున్నాడు. మామూలు తాడు కాదు, మొదట్లో పురికొసతో అల్లిన ఎనిమిది పాయల ముక్కనే పొడుగు చేసుకున్నాడు.

"కాకకు ఏం ఫికరు," అన్నాడు పక్క మంచం మీదాయన. "పోయేటోడు ఎవడన్న గింత మంచిగ పెట్టె కడ్తడా? విమానం కూలినా ఇది ఊడది."

"నోరు మూస్కోరాదు, విమానం నేనెక్కేదుంది," అన్నాడు కాక. తర్వాత నా వైపు చూశాడు. "ఏలికి మంచిగ కూసుందా సారూ?"

"కూర్చుంది కాకా."

"కూసుంటది. కొలిచిన గద."

మళ్లీ పెట్టె వైపు తిరిగి ముడి బిగించాడు. నేను లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లు దిగి వచ్చేశాను.

ఎగ్జిబిషన్‌కి జనం బాగా వచ్చారు. వడిసెల కింద చిన్న పలకలో 'నమూనా తయారీ: మా వర్క్‌షాప్' అని పెట్టారు. ఎవరి పేరూ లేదు. ఇది రాస్తూ నేను కూడా ఆయన పేరు రాయడం లేదు. అప్పుడు పేరు రాయకపోవడం ఎవరికి కలిసొచ్చిందో, ఇప్పుడూ వాళ్లకే కలిసొస్తోంది.

కొత్త హోదాలో ఏడాదిన్నర గడిచింది. స్టాండ్లకి గుడ్డ చుట్టడం, కొలతలు రాయడం, అవి ఎలాగో నేర్చుకున్నాను. ఒక రోజు ముదీర్ హుషారుగా వచ్చాడు. ఇంకో ఎగ్జిబిషన్, పిల్లల విభాగానికి వడిసెలలు మూడు కావాలి, నువ్వుండగా నాకు బెంగ లేదు అన్నాడు. బెంగంతా నాకే ఉంది.

మిగిలిపోయిన ఉన్ని తెచ్చి ఇంట్లో సోఫా కాలికి కట్టి కూర్చున్నాను. ఫోన్లో వీడియో పెట్టుకున్నాను. అందులో అల్లి చూపించే ఆవిడ ఎడమ పాయ కుడికి అంటుంటే నా ఎడమ, కుడి కూడా ఎటు పోయాయో తెలియలేదు. పదహారు పాయలు మొదలుపెడితే ఎనిమిదయ్యాయి, ఎనిమిది కాస్తా నాలుగయ్యాయి. నాలుగో రోజు సాయంత్రం మా అమ్మాయి వచ్చి చూసింది.

"నాన్నా, ఇది నా జడ."

"కాదమ్మా, వడిసెల."

"కాదు, నాకు తెలుసు. నేను కెమెరా ఆపేసిన జడ ఇదే."

వారం తర్వాత కాకకి ఫోన్ చేశాను. వెనక మేకలో గొర్రెలో అరుస్తున్నాయి.

"బాగున్నరా సారూ. పిల్లగాడు నడుస్తుండా?"

"పరుగెడుతున్నాడు కాకా. ఇల్లు ఎంతవరకు వచ్చింది?"

"లెంటల్ కాడ్నే ఉన్నది. మీద రేకులేసుకున్నం. వానొస్తె మాట వినవడది, గంతే." మందని అదిలించి, "చెప్పుండ్రి," అన్నాడు.

"మూడు వడిసెలలు కావాలి కాకా. పిల్లలు చూడటానికి."

అటునుంచి చాలాసేపు గొర్రెలే మాట్లాడాయి.

"మీరే అల్లుతరని చెప్పిన్రు గద వాళ్లకు."

"నీకెవరు చెప్పారు?"

"ఎవలు చెప్పాలె? మేడం తారీఫ్ జేస్తె మీరు థాంకూ అన్నరు. ఇరవై రెండేండ్లు దుబాయ్ల ఉన్న సారూ. ఇంగ్లీష్ రాకపోతె థాంకూ అంటె గూడ తెల్వదా?"

నా చేతిలో ఫోన్ వేడెక్కింది. "మరి అప్పుడే ఎందుకు అడగలేదు కాకా?"

"ఒట్టేసిన్రు గద. చెప్తరనుకున్న."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త సులువయ్యేది. తప్పయిపోయిందని ఏదో నసిగాను. ఆయన దాన్ని పట్టించుకోకుండా, దారం ఎంత కావాలో, ఏ రంగు ఎన్ని ఉండలో చెప్పాడు. చివర్లో అన్నాడు:

"అల్లి పంపుత. గని గీసారి ఏలు నాది."

కూలి పంపాను, తీసుకున్నాడు. దాని గురించి ఇద్దరం ఇంకేమీ అనుకోలేదు. నెలన్నరకి సెలవు నుంచి తిరిగొచ్చిన ఒకాయన బనియాస్‌లో పొట్లం ఇచ్చాడు. రోడ్డు పక్కనే కారాపి విప్పాను. మూడు వడిసెలలు. ఒడిలో చీలిక, అంచున మెట్ల గళ్లు, తాడు లోపల పడుకుని అక్కడక్కడా లేచే ఎరుపు. ఈసారి మొదటిదానికన్నా బిగువుగా, నున్నగా ఉన్నాయి. ఉచ్చు నా నడిమి వేలికి తొడిగి చెయ్యి కిందికి దించాను. జారి ఒళ్లో పడింది. రెండోదీ పడింది. మూడోదీ. బరువులు మోసి మోసి లావెక్కిన వేళ్లు ఆయనవి. నావి కీబోర్డు వేళ్లు.

ఆయన ఏం పంపాడో నాకు అర్థమైంది. ముదీర్ మళ్లీ చెయ్యి లావ్ అంటాడు, ఉచ్చు నా వేలు మీంచి జారిపోతుంది, ఇది ఎవరిదని అడుగుతాడు. అప్పుడిక నేను తప్పించుకోలేను. ముసఫ్ఫా దాకా కార్లో ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో, హిందీలో పైకే అనుకుంటూ వెళ్లాను. సార్, ఇవీ అదీ అల్లింది కాక, ఆయన్ని వెనక్కి పిలిపించండి, హెల్పర్‌గా కాదు. చెబుతాననే అనుకున్నాను. భయం వేసింది గానీ, ఎన్నాళ్లకో ఆ భయం కాస్త శుభ్రంగా అనిపించింది.

ముదీర్ ఫోన్లో ఉన్నాడు. పొట్లంలోకి తొంగి చూసి ఒకటి, రెండు, మూడు అని వేలు ఊపాడు. బొటనవేలు పైకెత్తి నవ్వాడు. ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఖలాస్, ప్యాకింగ్‌కి ఇచ్చెయ్" అన్నాడు.

అన్నిట్లోనూ వేలు పెట్టే మనిషి, ఆ రోజు పెట్టలేదు.

నేను కాసేపు అక్కడే నిలబడ్డాను. ఇంకా ఏమైనా కావాలా అన్నట్టు ఆయన కనుబొమలు ఎగరేశాడు. అడిగితే చెబుదామనే వచ్చాను. అడగకుండా చెప్పడం నాకు అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు. మూడింటినీ ప్యాకింగ్‌కి ఇచ్చేశాను.

ఆ సాయంత్రం కాక వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపాడు. "సారూ, ముట్టినయా? ఎవలన్న ఏలు వెట్టి సూసిన్రా?"

విన్నాను. విన్నట్టు ఆయన ఫోన్లో నీలం గుర్తు పడి ఉంటుంది. 'చూశారు కాకా' అని రాసి చెరిపేశాను. 'లేదు' అని రాసి అదీ చెరిపేశాను. రెండేళ్లు దాటింది. ఆ గుర్తు ఆయనకి ఇంకా నీలంగానే కనబడుతూ ఉండాలి.